ఒక అడుగు ముందు నడిచే నీడ

టైలర్ మాస్టరు పొద్దున్న ఎనిమిదింటికల్లా కొట్టు తలుపు తీసేవాడు. తలుపు తీయగానే ముందు లోపలికి వెళ్ళేది ఆయన నీడ. అది తిన్నగా పోయి కిటికీ గడియ మీద చెయ్యి వేసేది. మాస్టరు వెనకాలే వెళ్ళి గడియ తీసేవాడు. నీడ చీపురు దగ్గర ఆగితే ఆయన చీపురు అందుకునేవాడు. అది ఇస్త్రీపెట్టె వైపు వంగితే ఈయన ప్లగ్గు పెట్టేవాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ కొట్టులో పని అలాగే సాగింది. ఏది ముందు, ఏది తర్వాత అని ఆయన తల గోక్కుంటూ నిలబడగా చూసినవాళ్ళు లేరు.

ఆ ఇంటి వాళ్ళ నీడలే అంత. ఎవరి టైము వాళ్ళది. మాస్టరు కొడుకు బస్సు డిపోలో టైమ్‌కీపరు. అతని నీడ అతనితో పాటే, సెకను అటూ ఇటూ కాకుండా కదిలేది. ఇక కూతురుంది. నలభై ఏళ్ళు వచ్చినా ఇంట్లో ఆమె చిన్నదే. చిన్నదాని నీడంత బద్ధకపు నీడ ఇంకోటి ఉండదు. ఆమె కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వెళ్ళాక, అది ఒళ్ళు విరుచుకుని తీరిగ్గా లేచేది. కొట్టుకి వచ్చినవాళ్ళు ఆమెకి ఒకసారి, ఆమె నీడకి ఒకసారి పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవారు. అలవాటైపోయింది, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

నీడని అని ఏం లాభం, మనిషే అలాంటిది. ఏది చెప్పినా "చూద్దాంలే" అనడం ఆమెకి ఊతపదం. మూడు ఉద్యోగాల్లో చేరింది, మూడూ మానేసింది. అల్లడం మొదలుపెట్టిన స్వెట్టరుకి ఒక చెయ్యి వచ్చింది, రెండోది రాలేదు. వంటింటి అలమరకి సగం రంగు వేసింది. ఆ సగం ఇప్పుడు వెలిసిపోయి, వెయ్యని సగంతో కలిసిపోయింది కూడా. తల్లి పోయాక తండ్రి దగ్గరే ఉండిపోయి, కొట్టులో గుండీలు కుట్టడం, అంచులు మడవడం, దారాలు తెంపడం చేసేది. ఇరవై ఏళ్ళుగా ఆయన పక్కన కూర్చుని ప్రతి పనీ చూసింది. కత్తెర మాత్రం ముట్టుకోలేదు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తిరించిన గుడ్డని ఏం చేస్తాం అనేది. మాస్టరు నవ్వి ఊరుకునేవాడు.

ఏ రోజున మొదలైందో ఎవరూ చెప్పలేరు. ఒక చలికాలం మాస్టరు నీడ ఆయన ముందు కాకుండా ఆయన పక్కనే నడుస్తోంది. వేసవికి వెనకబడింది. మాస్టరు బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడితే, అది ఇంకా గుమ్మంలోనే ఉండి వీధి చూస్తోంది. ఆయన నీడ కోసం ఎదురుచూస్తూ చేతులు బల్ల మీద ఆనించి అలా ఉండిపోయేవాడు. సూదిలో దారం ఎక్కించి ఉంటుంది, గుడ్డ ముందే ఉంటుంది. కుట్టు మాత్రం మొదలవదు.

మొదలైతే మరో తంటా, ఆగదు. పోస్టుమాన్ చొక్కాకి ఐదు కాజాలు కుట్టాల్సింది, పదకొండు కుట్టాడు. పదకొండూ ముత్యాల్లా ఉన్నాయి. పోస్టుమాన్ మంచివాడు కాబట్టి, గాలి బాగా ఆడుతుందిలెండి అని తొడుక్కుని వెళ్ళిపోయాడు. బడి పంతులుగారి చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించాడు. గుడ్డని రెండు మడతలు వెయ్యకుండా ఒంటిపొర మీద కత్తిరిస్తే, కాగితం నమూనాని రెండోసారి బోర్లా తిప్పి పెట్టుకోవాలి. తిప్పకపోతే రెండూ ఒకవైపువే వస్తాయి. పని నేర్చుకునే కుర్రకారు చేసే తప్పు అది. చిన్నది పంతులుగారికి తెలియకుండా అదే రకం గుడ్డ తెచ్చి, పక్కవీధి టైలరు చేత గుట్టుగా కుట్టించి ఇచ్చింది.

ఇంట్లోనూ అంతే. పొద్దున్నే టీ పెడతానని లేచేవాడు. కప్పులో టీపొడి వేసేవాడు, చక్కెర వేసేవాడు, పొయ్యి వెలిగించేవాడు. గిన్నె, నీళ్ళు మాత్రం ఆ వరసలోకి వచ్చేవి కావు. వెలుగుతున్న పొయ్యి ముందు ఎండు టీపొడి కప్పు పట్టుకుని, ఏదో ఒకటి తక్కువైందే అన్నట్టు నిలబడేవాడు. చిన్నది చప్పుడు చెయ్యకుండా వచ్చి పొయ్యి ఆపేసేది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నెరిసిన జుట్టావిడ, తొందర లేని మనిషి. ఒక ఉత్తరం, ఒక కవరు, ఒక స్టాంపు ఇచ్చి, పోస్టులో వేయడానికి సిద్ధం చెయ్యండి మాస్టారూ అంది. మాస్టరు స్టాంపుని ఉత్తరానికి అంటించి, ఖాళీ కవరుని ఎంతో నీటుగా మూసి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ థాంక్స్ చెప్పి తీసుకుంది. తర్వాత పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"నాన్నగారి చేతులకి ఏం కాలేదు. కాజా కుట్టమంటే ఇప్పుడూ మీకంటే నాకంటే బాగా కుడతారు. పనివాళ్ళంతా ఉన్నారమ్మా. ఎవరు ముందు, ఎవరు తర్వాత, ఎక్కడ ఆపాలి అని చెప్పే మేస్త్రి మాత్రం సెలవులు పెడుతున్నాడు."

"మళ్ళీ వస్తాడా?" అని అడిగింది చిన్నది.

"రాడు. సెలవులు ఇంకా పెరుగుతాయి. అయితే ఆ మేస్త్రి పని కొన్నాళ్ళు బయటినుంచి ఎవరైనా చేసిపెట్టొచ్చు. తప్పు చేస్తే వెంటనే తప్పు తప్పు అని మాత్రం అనకండి. అంటే ఉన్న పనివాళ్ళు కూడా బెదిరిపోతారు."

ఆవిడ వంగి కుర్చీ కింద చూసి, కాగితం మీద 'నీడ అర అడుగు వెనక' అని రాసుకుంది. మూడు నెలల తర్వాత రమ్మంది.

ఆ వారంలోనే ఇస్త్రీపెట్టె సంగతి జరిగింది. మాస్టరు పెట్టెని బల్ల మీద బోర్లా వదిలేసి వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. చిన్నది పాలు తీసుకుని వచ్చేసరికి కొట్టంతా పొగ. బల్ల మీద పెట్టె ఆకారంలో నల్లటి మచ్చ పడింది. అన్న డిపో నుంచి పరుగున వచ్చాడు. తండ్రిని ఒక్క మాట అనలేదు. చెల్లెల్ని వెనక గదిలోకి పిలిచి, ఈ నెలాఖరుకి కొట్టు మూసేద్దాం అన్నాడు. నాన్న మా ఇంట్లో ఉంటాడు, నువ్వూ వచ్చెయ్యి, పిల్లల గదిలో మంచం వేయిస్తాను అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. భయపడ్డాడు, అంతే.

 కానీ చిన్నదానికి ఆదివారాలు తెలుసు. సెలవు రోజున మాస్టరు టీవీ ముందు కూర్చుంటే ఆయన వేళ్ళు కుర్చీ అంచుని పట్టుకుని, లేని సూదితో కుడుతూ ఉండేవి. సాయంత్రానికి మనిషి సగమైపోయేవాడు. సోమవారం కొట్టులో అడుగుపెట్టాకే మళ్ళీ నిండేవాడు. రోజూ ఆదివారమే అయితే నాన్న ఏమైపోతాడో ఆమెకి ఊహించుకోవడానికే భయం వేసింది. జీవితంలో మొదటిసారి చూద్దాంలే అని ఊరుకోలేకపోయింది.

మొదట గోడ మీద పెద్ద అక్షరాలతో పనుల జాబితా రాసి అంటించింది. గుడ్డ తడపడం దగ్గర్నుంచి గుండీలు కుట్టడం దాకా వరసగా పదకొండు. మాస్టరు కళ్ళజోడు పెట్టుకుని, వార్తలు చదివినట్టు గట్టిగా మొత్తం చదివాడు. ఎవరు రాశారో గానీ పద్ధతిగా రాశారమ్మా అని మెచ్చుకున్నాడు. వచ్చి తన స్టూలు మీద కూర్చున్నాడు. ఇప్పుడు తాను ఆ పదకొండింటిలో ఎక్కడ ఉన్నాడో చెప్పడం కాగితానికి చేతకాలేదు.

అప్పుడు ఆమె ఒక పళ్ళెం తీసుకుంది. అందులో ఒక్క పనికి కావలసినవే పెట్టి ఆయన ముందు ఉంచింది. సూది, దారం, ఐదు గుండీలు. ఐదు కుట్టాక పళ్ళెం ఖాళీ అయ్యేది, ఖాళీ పళ్ళెం చూసి మాస్టరు ఆగేవాడు. ఆమె ఆ పళ్ళెం తీసేసి ఇంకోటి పెట్టేది. మధ్యలో ఏమీ అనేది కాదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తన చేతికి అందేలా పెట్టుకుంది. ఇంట్లోనూ అదే పద్ధతి. రాత్రే పొయ్యి మీద నీళ్ళు పోసిన గిన్నె పెట్టి, పక్కనే టీపొడి, చక్కెర, చివర్న కప్పు. తెల్లారి మాస్టరు టీ పెట్టి కూతురికి కూడా ఒక కప్పు తెచ్చి ఇచ్చిన రోజు, ఆమె ఆ టీని చల్లారేదాకా తాగకుండా చూస్తూ కూర్చుంది.

ఒక పళ్ళెం మీద ఆయన పని చేస్తుంటే, రాబోయే మూడు పళ్ళేల సంగతి ఆమె ఆలోచించుకోవాలి. లేకపోతే ఆయన చేతులు ఖాళీ అవుతాయి, ఖాళీ అయితే వీధిలోకి వెళ్ళిపోతాడు. ఇంత ముందుచూపు ఆమెకి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అవసరం పడలేదు. పది రోజులయ్యాక కొట్టుకి వచ్చినవాళ్ళు ఆమెకి ఒక్కసారే దారి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆమె లేస్తే నీడ కూడా లేస్తోంది. ఆమె మాత్రం అది గమనించలేదు, అంత తీరిక లేదు.

నెలాఖరు ఇంకా రెండు వారాలుందనగా బేకరీ ఆవిడ వచ్చింది. మోచేతుల దాకా పిండి, పెద్ద గొంతు. చంకలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద విప్పింది. బూడిద రంగు ఉన్ని గుడ్డ.

"మా ఆయన కొన్నాడు, పన్నెండేళ్ళయింది. మాస్టరు చేత కోటు కుట్టించుకోవే అన్నాడు. చూద్దాంలే చూద్దాంలే అని దాచాను, అచ్చం నీలాగే. ఆయన పోయి రెండేళ్ళయింది. ఈ చలికి వేసుకోకపోతే ఇంకెప్పుడు వేసుకుంటాను?"

చిన్నది ఆవిడని పక్కకి తీసుకెళ్ళి నాన్న సంగతి చెప్పబోయింది. వీధి మొత్తానికి తెలిసిందే, నాకూ తెలుసులే అంది ఆవిడ. ఆ రకం గుడ్డ ఇప్పుడు ఎక్కడా రావడం లేదని, ఉన్నది సరిగ్గా రెండుంపావు మీటర్లేనని, చిన్న ముక్క కూడా మిగలదని కూడా ఆవిడే చెప్పింది. అయినా మాస్టరు చేతే కత్తిరించాలంది. అప్పటికే మాస్టరు గుడ్డని అరచేత్తో నిమిరి చూస్తున్నాడు. నూగు కిందికి ఉంది, ముందు తడిపి ఆరేయాలి, లేకపోతే మొదటి వానకే కుంచించుకుపోతుంది అన్నాడు. తెలిసినదంతా ఆయన దగ్గర భద్రంగానే ఉంది.

ఈ మాట విని అన్న తల పట్టుకున్నాడు. ఆ గుడ్డ గనక పాడైతే నెలాఖరు దాకా ఆగేది లేదు, ఆ రోజే తాళం వేస్తాను, ఒక మనిషి జ్ఞాపకాన్ని ముక్కలు చేసే హక్కు మనకి లేదు అన్నాడు. చిన్నదానికి ఆ మాట న్యాయంగానే తోచింది. అందుకే మరీ నిద్ర పట్టలేదు.

కత్తిరించే రోజు పొద్దున్న ఎండ బాగా కాసింది. కిటికీలోంచి వచ్చిన వెలుగు బల్ల మొత్తం పరుచుకుంది. గుడ్డ తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉంది. చిన్నది కిటికీకి వీపు పెట్టి, తండ్రికి కాస్త ఎడమగా నిలబడి ఒక్కొక్కటే అందించింది. కాగితం నమూనా. పైన పెట్టే బరువులు. సుద్ద. కత్తెర. వీపు భాగం, ముందు భాగాలు మడత మీదే చక్కగా వచ్చాయి. మాస్టరు చెయ్యి ఎక్కడా వణకలేదు. ఆయన నీడ మాత్రం గుమ్మం దగ్గర, పింఛను తీసుకున్న పెద్దమనిషిలా, గోడకి ఆనుకుని కూర్చుంది.

చేతుల దగ్గరికి వచ్చేసరికి మడత వేసేంత వెడల్పు గుడ్డ లేదు. ఒంటిపొర మీదే కత్తిరించాలి. మాస్టరు నమూనా పెట్టి ఎడమ చెయ్యి గీశాడు. ఆ కాగితాన్నే పక్కకి జరిపాడు. తిప్పలేదు. సుద్ద పట్టుకుని గీయడానికి వంగాడు.

చిన్నది చూసింది. రెండూ ఎడమ చేతులే. చెప్పబోయి ఆగింది. కిందటివారం ఒక అంచు విషయంలో, అలా కాదు నాన్నా అన్నందుకు ఆయన సూది కింద పెట్టి మళ్ళీ రోజంతా ముట్టుకోలేదు. పైగా చెప్పడానికి తనెవరు? ఇన్నేళ్ళలో ఒక్క గుడ్డ కత్తిరించిన పాపాన పోలేదు. నిజంగానే తప్పా, తన కళ్ళకే అలా ఉందా? ఆమె చేతులు రెండూ పక్కన వేలాడుతూ ఉండిపోయాయి.

బల్ల మీద ఉన్న ఆమె నీడ చెయ్యి కదిలింది.

ఆమె కదల్లేదు. నీడే కదిలింది. అది కాగితం దాకా వెళ్ళి, దాని అంచు పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు అవతలికి తిప్పింది. మాస్టరు సుద్ద పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ అలవాటు ఆయన కళ్ళలో ఉంది. నీడ ఎటు పోతే కళ్ళు అటు పోయాయి. ఆయన "ఆఁ" అన్నాడు. కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాడు. నీడ వేలు ఒక మూల నొక్కితే అక్కడ బరువు పెట్టాడు. అది అంచు వెంట జారితే సుద్దతో గీశాడు. అది కత్తెర మీద వాలగానే కత్తెర తీసుకున్నాడు. ఉన్ని గుడ్డ తెగుతున్న మెత్తటి చప్పుడు కొట్టంతా వినిపించింది.

చిన్నది తన చేతుల వైపు చూసుకుంది. నీడకి ఇదంతా ఎలా తెలుసు అనుకుంది. ఇరవై ఏళ్ళుగా తన పక్కన కూర్చుని అదీ చూసింది కదా మరి.

ఆ రోజు నుంచి పళ్ళేలతో పెద్దగా పని లేకపోయింది. కిటికీలో ఎండ ఉన్నంతసేపే కొట్టు. ఒంటిగంటకి మూసేసేవారు. ఆమె కిటికీకి వీపు పెట్టి నిలబడేది. నీడ ముందు, మాస్టరు వెనక. ఈ సంగతి నాన్నకి తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడని ఆమెకి బెంగ. అందుకని ఆయన వెనకే సర్దుకుని, ఆయనలాగే భుజాలు కాస్త వంచి, తన నీడ ఆయన నీడే అనిపించేలా నానా తిప్పలూ పడేది. నడుం పట్టేసింది. అయినా ఆ రోజులంత హాయిగా ఆమె ఎప్పుడూ లేదు. ఒక పని తన కళ్ళ ముందు మొదలై, నడిచి, పూర్తవడం ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడే తెలిసింది.

ముందు విప్పుకునేలా కచ్చాకుట్టు వేశారు. కొలత చూశారు. భుజాలు, చేతులు, కాలరు, లోపలి లైనింగు. నాలుగు కాజాలు. నాలుగే. తొమ్మిదో రోజు బేకరీ ఆవిడ చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చి కోటు తొడుక్కుంది. అద్దంలో ఇటు తిరిగి చూసుకుంది, అటు తిరిగి చూసుకుంది. గుండీలు నాలుగూ పెట్టుకుంది, మళ్ళీ విప్పలేదు.

"ఈ మధ్య నీడ మళ్ళీ ముందు నడుస్తోందమ్మా" అన్నాడు మాస్టరు. ఆవిడ గుమ్మం దగ్గర కూర్చున్న ఆయన నీడని చూసింది, కిటికీ దగ్గర నిలబడ్డ చిన్నదాన్ని చూసింది. అవును మాస్టారూ అని మాత్రం అంది.

నెలాఖరు వచ్చింది. అన్న సరిగ్గా పదింటికి వచ్చాడు. చేతిలో కొత్త తాళంకప్ప, కాగితం పొట్లంలో. చెల్లెలు ఎన్ని కబుర్లు చెప్పినా కళ్ళతో చూస్తే గానీ నమ్మే మనిషి కాదు. గుమ్మంలో నిలబడి చూశాడు. నాన్న పోస్టుమాన్‌కి కొత్త చొక్కా కత్తిరిస్తున్నాడు. గుడ్డ మడత మీద ఉంది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి ఉంది. బల్ల మీద నీడ ఒక అడుగు ముందు నడుస్తోంది, చిన్నప్పుడు తాను బడికి వెళ్తూ చూసినట్టే. సెకను తప్పని అన్న నీడ ఆ వేళ అతను బల్ల దగ్గరికి వచ్చినా కదలక, గుమ్మంలో అలాగే ఉండిపోయింది.

"నాన్న నీడ బాగుపడిందే" అన్నాడు.

చిన్నది గబగబా భుజాలు వంచింది. మాస్టరు తల ఎత్తలేదు. కత్తెర ఆపలేదు.

"నాది కాదురా. నా నీడకి జడెక్కడిది?"

చిన్నదాని చెయ్యి తనకి తెలియకుండానే భుజం మీది జడ మీదికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ భుజాలు వంచింది, మెడ వంచింది, నడుం పట్టేలా నిలబడింది. బల్ల మీద ఇంత పొడుగున పడుతున్న జడ నీడ సంగతి మాత్రం మరిచిపోయింది. ఆమెకి నవ్వొచ్చింది, దానితో పాటే ఏడుపూ వచ్చింది. "నీకు ఎప్పట్నుంచి తెలుసు నాన్నా?" అంది.

"మొదటి రోజే. కోటు చేతి దగ్గర." ఆయన కత్తిరించడం ఆపి ఆమె వైపు చూశాడు. "నీకు వచ్చు అని నాకు ఎప్పుడో తెలుసు. నువ్వే చూద్దాంలే అన్నావు."

అన్న చేతిలో పొట్లం ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. మాస్టరు దాన్ని అందుకుని, కాగితం విప్పి, తాళంకప్పని అరచేతిలో తూచి చూశాడు. బరువు బాగుందిరా, మంచిది తెచ్చావు అన్నాడు. గుడ్డ కదలకుండా దాన్ని ఒక మూల మీద బరువుగా పెట్టాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అది తలుపు దగ్గరికి పోలేదు.

ఒక్క నిమిషం మాస్టరు అలాగే నిలబడిపోయాడు. కత్తెర చేతిలో ఉంది, గుడ్డ ముందు ఉంది. ఆ పాత చూపు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయన భయపడలేదు. కత్తెరని తిప్పి, పిడి కూతురి వైపు పెట్టి ఇచ్చి, తన స్టూలు మీద కూర్చుని, సూదికి దారం ఎక్కించడం మొదలుపెట్టాడు.

"కానివ్వమ్మా" అన్నాడు.

కత్తెర బరువుగా ఉంది. ఆయన చేతి వేడి ఇంకా దాని మీదే ఉంది. చూద్దాంలే అనే మాట ఆమె నోటిదాకా రాలేదు. బల్ల వైపు చూసింది. నీడ అప్పటికే గుడ్డ మీద వంగి, తర్వాతి గీత దగ్గర ఆమె కోసం ఆగి ఉంది.